ఉష్ణయుగ్మంలో రొద: మైక్రోవోల్టును కాపాడుకున్న చరిత్ర

పరిచయం

గత భాగంలో మీరు ఉష్ణయుగ్మం సూత్రాన్ని చదివారు. వేర్వేరు లోహాలతో చేసిన రెండు తీగల కొసలను కలిపి, ఒక సంధిని వేడిలోనూ రెండవ సంధిని చల్లని చోటా ఉంచితే వలయంలో విద్యుచ్ఛాలక బలం పుడుతుందనీ, దాన్ని కొలిచి ఉష్ణోగ్రత చెప్పవచ్చనీ తెలుసుకున్నారు. సూత్రం అక్కడితో పూర్తవుతుంది. కష్టం మాత్రం అక్కడే మొదలవుతుంది. కొలిచే పరికరం చూపిన అంకెలో కొలిమి చెప్పినది ఎంత, చుట్టుపక్కల మోటార్లు, తీగలు, నేల, గాలి చేర్చినది ఎంత? ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్లుగా ఎలా జవాబు వెతికారో ఈ భాగంలో చూద్దాం.

ముందుగా ఒక లెక్క మనసులో పెట్టుకోండి. కర్మాగారాల్లో ఎక్కువగా కనిపించే ఉష్ణయుగ్మం క్రోమెల్, అల్యుమెల్ తీగలతో చేసిన కె-రకం. అది ఒక సెల్సియస్ డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. మీ ఇంటి గోడలో ఉన్న 230 వోల్టులలో ఇది 56 లక్షల వంతు. ప్లాటినం–రోడియం యుగ్మం సంగతి ఇంకా సన్నం. వెయ్యి డిగ్రీల దగ్గర కూడా డిగ్రీకి 10, 12 మైక్రోవోల్టులకు మించి ఇవ్వదు. గోడలోని ఆ 230 వోల్టులలో అణువంత భాగం మన తీగలోకి చొరబడినా కొలిమి మాట వినపడకుండా పోతుంది.

ఇలా చొరబడే అక్కరలేని వోల్టేజిని ఇంజనీర్లు నాయిస్ అంటారు. మనం రొద అందాం. రొదకూ దోషానికీ తేడా ఉంది. దోషం ఒకే దిక్కున లాగుతుంది, రొద అటూ ఇటూ ఊగుతుంది. అయితే చరిత్రలో ఈ రెండింటినీ విడదీయలేక పెద్దపెద్దవాళ్లే తడబడ్డారు. మనమూ తడబడ్డాం. ఆ సంగతి చివర్లో చెబుతాను.

తొలి రొద భూమిదే

1821లో బెర్లిన్‌లో థామస్ యోహాన్ సీబెక్ రాగి, బిస్మత్ వంటి లోహాలను వలయంగా కలిపి ఒక సంధిని వేడి చేసినప్పుడు దగ్గరున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. వలయంలో విద్యుత్తు ప్రవహిస్తోందని ఆయన ఒప్పుకోలేదు. ఉష్ణం నేరుగా అయస్కాంతత్వాన్ని పుట్టిస్తోందని నమ్మాడు. భూమి అయస్కాంతత్వానికి కూడా భూమధ్యరేఖకూ ధ్రువాలకూ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదమే కారణం కావచ్చునని ఊహించాడు. ఉష్ణవిద్యుత్తు అన్న పేరు ఓర్‌స్టెడ్ వైపు నుంచి వచ్చింది. సీబెక్‌కు ఆ పేరు చివరిదాకా నచ్చలేదు.

సీబెక్ పొరపాటును చూసి నవ్వుకోవద్దు. ఆయన దగ్గర ఉన్న కొలత సాధనం దిక్సూచి ముల్లు ఒక్కటే. ఆ ముల్లు మీద భూమి అయస్కాంత క్షేత్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. వలయంలోని కొద్దిపాటి ప్రవాహం ముల్లును తిప్పాలంటే ముందు భూమితో పోటీ పడి గెలవాలి. ఉష్ణయుగ్మం చరిత్రలో మొట్టమొదటి రొద ఏ యంత్రం నుంచీ రాలేదు, మనం నిలబడ్డ నేల నుంచి వచ్చింది.

దీనికి మందు ఇటలీలో దొరికింది. 1825లో లెయోపోల్దో నోబిలి ఒకే ముల్లుకు బదులు రెండు ముల్లులను ఒకే కడ్డీకి, ఒకదాని ఉత్తర ధ్రువం రెండవదాని దక్షిణ ధ్రువం వైపు ఉండేటట్టు బిగించి, సన్నని దారంతో వేలాడదీశాడు. భూమి ఒక ముల్లును ఎటు తిప్పజూస్తే రెండవదాన్ని సరిగ్గా దానికి ఎదురుగా తిప్పజూస్తుంది. రెండూ రద్దవుతాయి. తీగచుట్టను మాత్రం ఒక ముల్లు చుట్టూ ఉంచితే, కొలవవలసిన ప్రవాహం రద్దు కాకుండా నిలుస్తుంది. ఇటువంటి జంట ముల్లు ఆలోచన ఆంపియర్‌కు అంతకుముందే ఉంది. దాన్ని పనికొచ్చే గాల్వనామీటరుగా మార్చినవాడు నోబిలి.

ఈ ఉపాయాన్ని బాగా గుర్తుంచుకోండి. రొదను రెండు చోట్ల సమానంగా పడనిచ్చి, ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేయడం దీని కిటుకు. ఈనాటి భేదాత్మక వర్ధకంలో రెండు ఇన్‌పుట్లు చేసేదీ, మెలిపెట్టిన రెండు తీగలు చేసేదీ ఇదే పని. నా ఉద్దేశంలో రొద తగ్గింపు చరిత్రకు నాంది వాక్యం రాసింది ఎలక్ట్రానిక్స్ వాళ్లు కాదు, నోబిలి.

నోబిలి మరో పని కూడా చేశాడు. సంకేతమే పెద్దదైతే రొదతో పేచీ తగ్గుతుంది కదా అని ఎన్నో యుగ్మాలను వరుసగా కలిపి ఉష్ణస్తంభం తయారుచేశాడు. మాచెదోనియో మెల్లోనితో కలిసి దాన్ని ఉష్ణవికిరణం కొలవడానికి వాడాడు. కొన్ని గజాల దూరంలో నిలబడిన మనిషి ఒంటి వేడికి కూడా అది స్పందించింది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఇదే కాలంలో ఉష్ణయుగ్మం తానే రొదలేని సాధనంగా ఒక గొప్ప నియమానికి పురుడు పోసింది. కొలోన్‌లో పాఠశాల ఉపాధ్యాయుడుగా ఉన్న గియోర్గ్ సైమన్ ఓమ్ 1825లో వోల్టా ఘటాలతో ప్రయోగాలు చేశాడు. ఘటం బలం నిమిష నిమిషానికీ మారిపోవడంతో ఫలితాలు కుదరలేదు. ఘటం వదిలి ఉష్ణయుగ్మం వాడమని పోగెన్‌డోర్ఫ్ సలహా ఇచ్చాడు. 1826లో ఓమ్ ఒక సంధిని మరిగే నీటిలో, మరొక సంధిని మంచులో ఉంచి బిస్మత్–రాగి యుగ్మం నుంచి నిలకడైన విద్యుచ్ఛాలక బలం రాబట్టాడు. మీరు ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టిన ఓమ్ నియమం అలా తేలింది. మరిగే నీరు, కరిగే మంచు ఉన్నంత సేపూ ఆ మూలం చెక్కుచెదరదు. అంటే ఉష్ణయుగ్మం స్వభావరీత్యా నిశ్శబ్దమైనది. రొద ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. ఈ మాట ఎంతవరకు నిజమో ముందు చూస్తారు.

రెన్యో తీర్పు

ఉష్ణయుగ్మంతో కొలిమి ఉష్ణోగ్రతలు కొలవాలన్న ఆలోచన ఫ్రాన్స్‌లో మొదలైంది. ఆంత్వాన్ సెజార్ బెకెరెల్ ప్లాటినం–పల్లాడియం యుగ్మాన్నీ, ఆ తరువాత పూయే ఇనుము–ప్లాటినం యుగ్మాన్నీ వాడారు. 1840లలో ఆంరి విక్తోర్ రెన్యో పూయే యుగ్మాన్ని పరీక్షకు పెట్టాడు. ఆ కాలంలో ఉష్ణ సంబంధమైన కొలతలలో రెన్యోను మించిన ప్రయోగకర్త యూరప్‌లో లేడు. ఆయనకు రీడింగులు ఎంత అడ్డదిడ్డంగా వచ్చాయంటే, ఉష్ణయుగ్మం ఉష్ణోగ్రతలు కొలవడానికి పనికిరాదని కొట్టిపారేశాడు.

ఆ తీర్పు దాదాపు నలభై ఏళ్లు నిలిచింది. 1886–87 కాలంలో సున్నం, సిమెంటు, బంకమన్ను కాలడంలో జరిగే మార్పులను పరిశోధిస్తున్న ఆంరి లె షాతెలియేకు వెయ్యి డిగ్రీలు దాటి కొలిచే సాధనం అవసరమైంది. ఆయన రెన్యో తీర్పును తిరగదోడాడు. తప్పు సూత్రంలో లేదు, మరెక్కడో ఉందని చూపించాడు.

మొదటి తప్పు లోహం ఎంపికలో జరిగింది. ఇనుము, నికెల్, పల్లాడియం వంటి తీగలను వేడిచేస్తే వాటిలోనే, సంధికి దూరంగా, దొంగ ప్రవాహాలు పుడతాయి. తీగ పొడవునా ఒకే తీరుగా ఉంటే మధ్యలో ఎంత వేడి మారినా అదనపు విద్యుచ్ఛాలక బలం పుట్టదని 1851లో మాగ్నస్ చూపించాడు. దానికి మరోవైపు ఏమిటంటే, తీగలో ఎక్కడైనా కలుషితమో, వంపో, తుప్పో ఉండి అక్కడ ఉష్ణోగ్రత మారుతూ ఉంటే ఆ చోటు ఒక చిన్న ఉష్ణయుగ్మంగా మారుతుంది. లె షాతెలియే శుద్ధ ప్లాటినాన్నీ, 10 శాతం రోడియం కలిపిన ప్లాటినాన్నీ ఎంచుకున్నాడు. ఇవాళ మనం ఎస్-రకం అంటున్నది అదే.

రెండవ తప్పు గాల్వనామీటరుది. పరికరం నిరోధం తక్కువగా ఉంటే, కొలిమిలో వేడెక్కి నిరోధం పెరిగే తీగలే రీడింగును మార్చేస్తాయి. లె షాతెలియే నిరోధం ఎక్కువ ఉన్న గాల్వనామీటరు వాడి ఈ ప్రభావాన్ని అణచివేశాడు. నిజానికి దీనికి పూర్తి విరుగుడు 1841లోనే పోగెన్‌డోర్ఫ్ చెప్పాడు. తెలిసిన వోల్టేజిని ఎదురుగా పెట్టి ప్రవాహం సున్నా అయ్యేదాకా సరిచేస్తే తీగల నిరోధానికి పాత్రే ఉండదు. మనం పొటెన్షియోమీటరు అంటున్నది ఈ పద్ధతినే. కొలిమి పక్కన నిలబడి కొలిచేవాడికి అప్పట్లో అది చాలా నెమ్మది పని.

విద్యార్థులు సాధారణంగా లె షాతెలియేకు జే కొట్టి రెన్యోను పక్కన పెడతారు. నేను అలా చేయను. తన ముందున్న తీగ గురించి, తన ముందున్న గాల్వనామీటరు గురించి రెన్యో రాసినది అక్షరాలా నిజం. పరికరం తప్పునూ సూత్రం తప్పునూ వేరు చేయకుండా మొత్తానికి కలిపి కొట్టేయడమే ఆయన లోపం. అంత జాగ్రత్తపరుడు చెప్పిన మాట కాబట్టే ఇతరులు మళ్లీ ప్రయత్నించలేదు. ఎవరో అల్లాటప్పా మనిషి చెప్పి ఉంటే నలభై ఏళ్లు పట్టేది కాదు.

ట్రాములు వచ్చాయి

లె షాతెలియే వాడినది 1882లో దెప్రే, దార్సొన్వాల్ రూపొందించిన కొత్త తరహా గాల్వనామీటరు. పాత పరికరాల్లో అయస్కాంతం కదిలేది, తీగచుట్ట నిలకడగా ఉండేది. వీరు తిరగేశారు. బలమైన అయస్కాంతాన్ని స్థిరంగా ఉంచి, దాని ధ్రువాల మధ్య తేలికైన తీగచుట్టను వేలాడదీశారు. లోపలి అయస్కాంత క్షేత్రం బయటి క్షేత్రం కంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి, భూమి క్షేత్రంలోని మార్పులు దానికి లెక్కలోకి రావు. నోబిలి రొదను రద్దు చేశాడు. దార్సొన్వాల్ సంకేతం పనిచేసే క్షేత్రాన్నే రొద అందుకోలేనంత ఎత్తుకు పెంచాడు.

ఈ మార్పు సరైన వేళకు వచ్చింది. 19వ శతాబ్ది చివర నగరాల్లో విద్యుత్ ట్రాములు పరుగెత్తసాగాయి. వాటి ప్రవాహం పట్టాల గుండా, అక్కడి నుంచి కొంత నేల గుండా విద్యుత్ కేంద్రానికి తిరిగి వెళ్లేది. ట్రాము కదిలినప్పుడల్లా చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం మారేది. వేలాడే ముల్లుతో పనిచేసే ప్రతి ప్రయోగశాలకూ అది తలనొప్పి.

మన దేశంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. బొంబాయిలోని కొలాబా పరిశీలనశాలలో 1840ల నుంచి భూ అయస్కాంతత్వాన్ని నమోదు చేస్తున్నారు. నగరంలో ట్రాములను విద్యుత్తుతో నడపాలన్న నిర్ణయం రాగానే, ఆ రికార్డుకు ముప్పు ఉందని సంచాలకుడు నానాభాయ్ మూస్ గ్రహించాడు. సముద్రానికి ఆవల, బొంబాయికి సుమారు 30 కిలోమీటర్ల దక్షిణాన అలీబాగ్‌లో అయస్కాంత ధర్మం లేని వస్తువులతో కొత్త భవనం కట్టించారు. 1904 నుంచి 1906 దాకా రెండు చోట్లా ఒకేసారి రీడింగులు తీసి, వాటిని సరిపోల్చుకున్నారు. 1907లో విద్యుత్ ట్రాము రోడ్డెక్కింది. అప్పటికి పరికరాలు అలీబాగ్‌లో స్థిరపడ్డాయి. అక్కడ కొలిచేది ఉష్ణోగ్రత కాదు, నిజమే. కానీ రొద వచ్చాక వడపోయడం కంటే రాకముందే దూరం జరగడం మేలని ఇంత నిబ్బరంగా చేసి చూపిన ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. రెండేళ్లకు పైగా రెండు చోట్లా కొలవడం వల్లనే ఆ దీర్ఘకాలిక రికార్డు తెగిపోకుండా మిగిలింది.

అందరికీ ఊరు దాటి వెళ్లే వీలుండదు. ఉష్ణస్తంభంతో అతి బలహీనమైన వికిరణాన్ని కొలిచే బెర్లిన్ భౌతిక శాస్త్రవేత్తలకు కదిలే అయస్కాంతం ఉన్న గాల్వనామీటరే ఇంకా సున్నితంగా అనిపించేది. దు బోయిస్, రూబెన్స్ ఆ పరికరం చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడే ఇనుప గుండ్లు తొడిగి కవచ గాల్వనామీటరు తయారుచేశారు. మెత్తని ఇనుము బయటి అయస్కాంత రేఖలను తనలోకి తీసుకుని లోపలికి పోనీయదు. అంతకుముందు ఓడల మీద వాడే గాల్వనామీటరుకు విలియం థామ్సన్ చేసినదీ ఇదే. ఆ రూబెన్స్ 1900 అక్టోబరులో కుర్ల్‌బౌమ్‌తో కలిసి ఉష్ణస్తంభంతో తీసిన దీర్ఘ తరంగదైర్ఘ్యపు కొలతలే, పాత వికిరణ సూత్రం సరిపోదని ప్లాంక్‌కు తెలిపి కొత్త సూత్రం వైపు నడిపించాయి. క్వాంటమ్ సిద్ధాంతం పుట్టుక గురించి మీరు మరో కోర్సులో చదువుతారు. దాని వెనుక ఊగకుండా నిలబడిన ఒక గాల్వనామీటరు ముల్లు ఉందని ఇక్కడ గుర్తుంచుకుంటే చాలు.

ప్రకృతి గీసిన గీత

కవచాలు, స్తంభాలు, మెత్తలు అన్నీ పెట్టాక కూడా ముల్లు కొంచెం వణుకుతూనే ఉండేది. 1925లో హాలండ్‌లోని మోల్, బర్గర్ ఒక తెలివైన ఏర్పాటు చేశారు. మొదటి గాల్వనామీటరు అద్దం నుంచి వచ్చే కాంతి చుక్కను ఒక ఉష్ణయుగ్మం మీద పడేటట్టు చేసి, దాని ప్రవాహాన్ని రెండవ గాల్వనామీటరుకు పంపారు. చిన్న కదలిక ఎన్నో రెట్లు పెరిగి కనిపించింది. దాంతోపాటు ఆగని వణుకూ కనిపించింది. నేలలోని సూక్ష్మ ప్రకంపనల వల్ల ఇది వస్తోందని అనుకున్నారు. మరుసటి ఏడాది స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్ ఈసింగ్ లెక్క కట్టి, అది గాల్వనామీటరు అద్దానికే ఉన్న బ్రౌనియన్ చలనమని చూపించాడు. నేలను ఎంత గట్టిచేసినా అది పోదు.

వెనువెంటనే, 1927–28లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ ప్రతి నిరోధకం కొసల మధ్య తనంతట తాను ఊగే వోల్టేజి ఉంటుందని కొలిచి చూపించాడు. నైక్విస్ట్ దానికి సిద్ధాంతం ఇచ్చాడు. ఈ వోల్టేజి వర్గం ఉష్ణోగ్రతకూ, నిరోధానికీ, మనం వినదలచుకున్న పౌనఃపున్యాల వెడల్పుకూ అనులోమానుపాతంలో ఉంటుంది.

ఇప్పుడు మనకు కావలసిన లెక్క చేద్దాం. తీగల నిరోధం 100 ఓములు, గది ఉష్ణోగ్రత, 10 హెర్ట్జ్‌ల వెడల్పు తీసుకోండి. జాన్సన్ రొద సుమారు 4 నానోవోల్టులు వస్తుంది. కె-రకం యుగ్మంలో ఇది డిగ్రీలో పదివేల వంతు. మీ మీటరులో రీడింగు రెండు డిగ్రీలు ఎగిరిపడుతోందంటే, అందులో ప్రకృతి వాటా పదివేల వంతుకు అటూ ఇటూ మాత్రమే. మిగిలినదంతా మనిషి చేతి పని. ఉష్ణయుగ్మం నిశ్శబ్దమైనదని ఓమ్ సందర్భంలో అన్న మాట పూర్తిగా నిజం కాదు. అయినా కర్మాగారంలో పనిచేసేవారికి నిజంతో సమానం. ప్రకృతి గీసిన గీత ఎక్కడుందో తెలిశాక, దానికి పైన ఉన్న రొద గురించి సాకులు చెప్పే వీలు పోయింది.

దోవలోనే దొంగ

పొటెన్షియోమీటరును చేత్తో తిప్పే అవసరం లేకుండా, మోటారే తిప్పుకుని కాగితం మీద గీత గీసే రికార్డర్లు 20వ శతాబ్ది ఆరంభం నుంచి వచ్చాయి. 1940ల ప్రారంభానికి వాటిలో ఎలక్ట్రానిక్ వర్ధకాలు చేరాయి. నిర్వాత నాళికతో ఏకముఖ వోల్టేజిని నేరుగా పెంచితే నాళిక తాలూకు జారుడు కూడా కలిసి పెరుగుతుంది. అందుకని సంకేతాన్ని ఒక కంపించే లోహపు నాలుకతో ముక్కలు చేసి, ఏకాంతర వోల్టేజిగా మార్చి, ఆ తరువాత పెంచేవారు. దీన్ని చాపర్ అన్నారు. జారుడు సమస్య అద్భుతంగా తీరింది.

అయితే ఆ నాలుకను కంపింపజేసేది మెయిన్స్ విద్యుత్తే. మోటారు నడిచేదీ మెయిన్స్ మీదే. కాబట్టి చుట్టుపక్కల తీగల నుంచి చొరబడిన మెయిన్స్ రొద కూడా సరిగ్గా సంకేతం వేషంలోనే, సంకేతం పౌనఃపున్యంతోనే వచ్చేది. దశ 90 డిగ్రీలు తేడాగా ఉంటే మోటారు దాన్ని పట్టించుకోదు. దశ కలిసిందా, మోటారు నిజమైన సంకేతమనే నమ్మి తప్పుడు అంకె దగ్గర హాయిగా ఆగిపోతుంది. రీడింగు ఊగదు, వణకదు. గీత నున్నగా ఉంటుంది, తప్పుగా ఉంటుంది. రొద దోషంగా మారడమంటే ఇదే. తరువాతి పరికరాల్లో 50కీ 60కీ గుణిజం కాని పౌనఃపున్యంతో చాపర్ నడిపించడానికి ఇదొక కారణం.

అందువల్ల, రొదను తీగలోకి రానివ్వకపోవడమే అసలు పని అని తేలింది. ఈ పాఠం టెలిఫోను వాళ్లు అరవై ఏళ్ల ముందే నేర్చుకున్నారు. రెండు తీగలను మెలిపెడితే, పక్కన పోయే తీగ ప్రభావం ఒక మెలికలో ఒక దిక్కున, పక్క మెలికలో ఎదురు దిక్కున పడి రద్దవుతుందని గ్రహించి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. మళ్లీ నోబిలి ఉపాయమే. అయస్కాంత క్షేత్రం వల్ల చేరే రొదకు మెలికే మందు. రాగి అల్లిక కవచం 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు ఆపదు. అది ఆపేది విద్యుత్ క్షేత్రాన్ని. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, ఖరీదైన కవచం కొన్నాం కదా అని తీగలను మెలిపెట్టకుండా వదిలేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

కవచాన్ని ఎర్తు చేయడంలో మరో తిరకాసు ఉంది. పెద్ద కర్మాగారంలో ఒక మూల ఎర్తుకూ మరో మూల ఎర్తుకూ మధ్య కొన్ని వోల్టుల తేడా ఉండవచ్చు. కవచాన్ని రెండు కొసల్లోనూ ఎర్తు చేస్తే ఆ తేడా కవచం గుండా ప్రవాహాన్ని నడిపిస్తుంది, ఆ ప్రవాహం లోపలి తీగలను కలవరపెడుతుంది. కాబట్టి ఒక్క కొసలోనే చేయాలి. ఉష్ణసంధి కొలిమి గోడకు తాకి ఎర్తయి ఉంటే ఆ కొసలోనే చేయాలి. ఇంత చిన్న నియమానికి కూడా 1960ల దాకా స్థిరమైన రూపం రాలేదు. 1967లో వచ్చిన రాల్ఫ్ మారిసన్ పుస్తకం కవచం, ఎర్తింగు విషయాలను కవిలెకట్టు అనుభవాల నుంచి భౌతిక శాస్త్రంలోకి తెచ్చింది.

కొలిమిలోనే దాగిన దారి ఒకటుంది. అల్యూమినా గొట్టం గది ఉష్ణోగ్రతలో మంచి బంధకం. వెయ్యి డిగ్రీలు దాటితే దాని నిరోధం బాగా పడిపోయి, హీటరు చుట్టలోని మెయిన్స్ వోల్టేజి గొట్టం గుండా ఉష్ణయుగ్మానికి చేరుతుంది. అప్పుడు రెండు తీగలూ కలిసి నేల నుంచి కొన్ని వోల్టుల ఎత్తున ఊగుతాయి. మీటరు ఈ ఉమ్మడి వోల్టేజిలో పది లక్షల వంతు మాత్రమే లోపలికి రానిచ్చినా, 10 వోల్టులకు 10 మైక్రోవోల్టులు వస్తాయి. కె-రకంలో అది పావు డిగ్రీ. 1960ల నుంచి డిజిటల్ వోల్టుమీటర్లలో లోపలి వలయం చుట్టూ గార్డు అనే రెండవ పెట్టెను అమర్చినది ఈ ఉమ్మడి వోల్టేజిని తప్పించడానికే.

ఇరవై మిల్లీసెకన్లు, దక్షిణాది గ్రిడ్

డిజిటల్ మీటర్లతో చక్కని ఉపాయం మరొకటి వచ్చింది. వోల్టేజిని ఒక క్షణంలో కాక, సరిగ్గా ఒక మెయిన్స్ చక్రం సేపు కూడబెట్టి సగటు తీస్తే, చొరబడిన రొదలోని ధన అర్ధచక్రం, రుణ అర్ధచక్రం చెల్లుకు చెల్లు అవుతాయి. 50 హెర్ట్జ్‌కు ఆ కాలం 20 మిల్లీసెకన్లు. 100 మిల్లీసెకన్లు తీసుకుంటే 50కి అయిదు చక్రాలు, 60కి ఆరు చక్రాలు పడతాయి కాబట్టి రెండు రకాల దేశాలకూ ఒకే మీటరు సరిపోతుంది. కాగితం మీద రొద పూర్తిగా సున్నా.

మెయిన్స్ నిజంగా 50 దగ్గర ఉంటేనే సుమా. 1990లలో మన దక్షిణాది గ్రిడ్ సాయంత్రాల్లో 48, 48.5 హెర్ట్జ్‌ల దగ్గర నడవడం మామూలు. 48 వద్ద 20 మిల్లీసెకన్ల సగటు తీస్తే రొద సున్నా కాదు, 24వ వంతు మిగులుతుంది. ఒక మిల్లీవోల్టు రొద చొరబడితే దాదాపు 42 మైక్రోవోల్టులు, అంటే కె-రకంలో ఒక డిగ్రీ.

ఆ రోజుల్లో ఒక ప్రయోగశాలలో నా దగ్గర ఒక విద్యార్థి మిశ్రమలోహాల శీతలీకరణ వక్రాలు గీసేవాడు. సెకనుకొక రీడింగు. ఒక ఉష్ణోగ్రత దగ్గర వక్రం చిన్న మెట్టులా ఆగి మళ్లీ దిగుతోంది. పుస్తకాల్లో లేని ప్రావస్థా మార్పు దొరికిందని అతను సంబరపడ్డాడు. నేనూ సంతకం చేశాను. రెండు నెలల పని అది. ఒకసారి కొలిమి ఖాళీ లేక తెల్లవారుజామున రీడింగులు తీసినప్పుడు మెట్టు కనిపించలేదు. సాయంత్రం తీస్తే కనిపించింది. అప్పుడు అనుమానం వచ్చి సంధిని ఫ్లాస్కులో మంచులో పెట్టించాను. మంచు ఉష్ణోగ్రత మారదు కదా. అయినా సాయంత్రం పూట గీత మెల్లగా ఎగుస్తూ దిగుతూనే ఉంది.

జరిగింది ఇది. సెకనుకొకసారి చూసే మీటరుకు 48.1 హెర్ట్జ్‌ల ఊగిసలాట పది సెకన్లకొకసారి మెల్లగా ఎగసిపడే అలలా కనిపిస్తుంది. అది రొదలా వణకదు, నిజమైన ఉష్ణోగ్రతలాగే నింపాదిగా కదులుతుంది. దిగుతున్న వక్రం మీద అది పడితే మెట్టు కనిపించక ఏమవుతుంది? హీటరు తీగలు, ఉష్ణయుగ్మం తీగలు ఒకే తొట్టిలో పక్కపక్కన పోతున్నాయి. వాటిని విడదీసి, ఉష్ణయుగ్మం తీగలను మెలిపెట్టాక అల దాదాపు మాయమైంది. ఆ రెండు నెలల కాగితాల మీద అడ్డగీత కొట్టాం. ఆ అబ్బాయి చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తప్పు అతనిది కాదు. మంచు పరీక్ష మొదటి రోజే చేయించవలసినవాడిని నేను.

మంచి మీటర్లలో అప్పటికే సగటు తీసే కాలాన్ని స్థిరంగా ఉంచకుండా, మెయిన్స్ చక్రాన్నే చూసి దానికి అనుగుణంగా సాగదీసే ఏర్పాటు ఉండేది. మా మీటరులో లేదు. 2003 జనవరిలో దక్షిణాది గ్రిడ్‌లో, పౌనఃపున్యం పడిపోయినప్పుడు ఎక్కువ కరెంటు లాగినవారికి ఎక్కువ ధర పడే లభ్యతా ఆధారిత సుంకం అమలయ్యాక, పౌనఃపున్యం 50కి దగ్గరగా వచ్చింది. 2013 చివరి రోజున రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ దేశపు మిగతా గ్రిడ్‌తో కలిసింది. 20 మిల్లీసెకన్ల ఉపాయానికి మన దగ్గర ఇప్పుడు పూర్తి విలువ దక్కుతోంది.

ఈలోగా కర్మాగారాల్లో మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవులు నిండిపోయాయి. అవి కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతాయి. వాటి రొదకు 50 హెర్ట్జ్‌తో సంబంధం లేదు, 20 మిల్లీసెకన్ల సగటులో అది చెల్లుకు చెల్లు కానక్కరలేదు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల వర్ధకాన్నే ఉష్ణయుగ్మం తలకాయ డబ్బాలో, సంధికి జానెడు దూరంలో పెట్టి, అక్కడి నుంచి 4–20 మిల్లీఆంపియర్ల ప్రవాహంగా పంపుతున్నారు. మైక్రోవోల్టులు ప్రయాణం చేసే దూరం వంద మీటర్ల నుంచి జానెడుకు తగ్గింది.

మీ అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతులకు వచ్చినప్పుడు ప్రయోగశాలలో ఉష్ణయుగ్మం దొరికితే, ముందు దాన్ని కరిగే మంచులో పెట్టి పది నిమిషాలు ఊరికే రీడింగులు రాయండి. ఫ్యాను ఆపి ఒకసారి, వేసి ఒకసారి రాయండి. తీగలను మెలిపెట్టి మరోసారి రాయండి. మూడు వరుసలనూ పక్కపక్కన పెట్టుకుని, ఆ తరువాతే కొలిమి స్విచ్చు వేయండి.